క్రీట్‌లోనూ తోటకూరే!

తోటకూర ఉడికించి, నీళ్లు వంపేసి, పైన నిమ్మరసం పిండి, కాస్త పచ్చి నూనె పోసి వడ్డిస్తే మనింట్లో ఎంతమంది తింటారు? ‘తాలింపయినా పెట్టలేదా?’ అని కంచం పక్కకి జరిపేవాళ్లే ఎక్కువ. కానీ గ్రీసు దేశంలోని క్రీట్ దీవిలో వేసవి వచ్చిందంటే చాలు, ఇంటింటా ఇదే కూర. దాని పేరు ‘వ్లిత’. మన పెరట్లో ఎవరూ విత్తకుండానే మొలిచే చిలకతోటకూరకి దగ్గరి చుట్టం. పప్పులో వేసుకునే గంగవాయిలి కూర కూడా అక్కడ ఉంది. దాన్ని ‘గ్లిస్ట్రిడ’ అని పిలుస్తారు, పచ్చిగానే టొమాటో, కీరా ముక్కల్లో కలుపుకుని తినేస్తారు.

గుండె డాక్టర్లు దశాబ్దాలుగా మెచ్చుకుంటున్న మెడిటరేనియన్ భోజనం అంటే అసలు ఇదీ! స్టార్ హోటళ్లలో పెద్ద పళ్లెంలో ఇంత ముద్ద పెట్టి బిల్లు వేసేది కాదు. చేయడం కూడా చిటికెలో పని. రెండు కట్టల లేత తోటకూరని కాడలతో సహా కడిగి, మరిగే ఉప్పునీళ్లలో వేయాలి. కాడ వేళ్లతో నొక్కితే మెత్తగా తెలిసేదాకా ఉంచాలి. ఎనిమిది, పది నిమిషాలు పడుతుందేమో. జల్లెట్లో వంపేసి, చల్లారనిచ్చి, మూడు చెంచాల ఆలివ్ నూనె, ఒక నిమ్మకాయ రసం, ఉప్పు. అంతే! సొరకాయంత లేతగా ఉండే జుకినీ దొరికితే అదే నీళ్లలో ఉడికించి పక్కన పెట్టుకోవచ్చు. కూర ఉడికిన నీళ్లని కూడా అక్కడివాళ్లు పారబోయరు. నిమ్మకాయ పిండుకుని తాగేస్తారు.

ఇంత మంచి తిండి తినేవాళ్లు ఎంత సంతోషంగా ఉండి ఉంటారో అనుకుంటాం కదా. కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో 1941 నుంచి 1945 దాకా జర్మన్ సైన్యాల చేతుల్లో నలిగిపోయింది క్రీట్. యుద్ధం ముగిశాక ఆ దీవిని ఎలా నిలబెట్టాలో చెప్పమని గ్రీసు ప్రభుత్వం అడిగితే, అమెరికాకు చెందిన రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ 1948లో అక్కడికి ఓ బృందాన్ని పంపింది. లీలండ్ ఆల్‌బా అనే ఆయన దానికి నాయకుడు. ఇంటింటికీ వెళ్లి ఏం తింటున్నారో లెక్క రాసుకున్నారు. రొట్టె, ఆలివ్‌లు, పప్పుధాన్యాలు, ఆకుకూరలు, బంగాళాదుంపలు, పండ్లు. మాంసం, చేపలు, పాలు, గుడ్లు అన్నీ కలిపినా ఒంటికి అందే శక్తిలో 7 శాతమే! మీకింకా ఏం కావాలని అడిగితే ఎక్కువమంది నోట వచ్చిన మాట... మాంసం. లోకం నేడు ‘ఆరోగ్య రహస్యం’ అంటున్న భోజనం తింటున్నవాళ్లకి అది లేమి.

ఈ కథలోకి ఆ తర్వాత వచ్చారు ఆన్సెల్ కీస్, మార్గరెట్ కీస్ దంపతులు. అమెరికాలోని మిన్నెసోటాలో ఆయన శరీరధర్మ శాస్త్రవేత్త, ఆమె జీవరసాయన నిపుణురాలు. ఇటలీలోని నేపుల్స్‌లో పనిచేసుకుని బతికే మగవాళ్లకి గుండెపోట్లు పెద్దగా రావని విని, 1952లో ఇద్దరూ అక్కడికి వెళ్లారు. కొలెస్టరాల్ పరీక్షలు చేసింది మార్గరెట్టే. పేదల రక్తంలో అది తక్కువ. మాంసం కొనుక్కోగలిగిన సంపన్నుల్లో ఎక్కువ. అక్కణ్నుంచే పుట్టింది 1958లో మొదలైన ‘ఏడు దేశాల అధ్యయనం’. అమెరికా, ఫిన్లాండ్, నెదర్లాండ్స్, ఇటలీ, యుగోస్లావియా, గ్రీసు, జపాన్‌లలో 40 నుంచి 59 ఏళ్ల మగవాళ్లు 12,763 మందిని ఏళ్ల తరబడి గమనించారు. గుండె జబ్బుతో పోయినవాళ్లు అందరికంటే తక్కువగా ఉన్నది క్రీట్‌లోనే. విచిత్రం ఏంటంటే వాళ్లు నూనె తక్కువేమీ తినలేదు. ఒంటికి అందే శక్తిలో దాదాపు 40 శాతం కొవ్వు నుంచే, అదీ చాలావరకు ఆలివ్ నూనె నుంచే!

ఈ అధ్యయనాన్ని తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు, అందులో న్యాయమూ ఉంది. దేశాల్ని లాటరీ తీసి ఎంచుకోలేదు. ఆడవాళ్లని లెక్కలోకే తీసుకోలేదు. క్రీట్‌లో ఓసారి తిండి వివరాలు సేకరించింది ఈస్టర్ ముందు వచ్చే ఉపవాస దినాల్లో. కార్తీకమాసంలో మనిళ్లకి వచ్చి, తెలుగువాళ్లు కోడికూర ముట్టరని రాసుకుపోయినట్టన్నమాట! తర్వాత స్పెయిన్‌లో ఏడువేల మందికి పైగా పాల్గొన్న ‘ప్రెడిమెడ్’ పరిశోధన ఫలితాలు 2013లో వచ్చాయి. మనుషుల్ని గుంపులుగా విడగొట్టడంలో పొరపాట్లు దొర్లాయని తేలడంతో ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుని, లెక్కలు సరిచేసి 2018లో మళ్లీ ప్రచురించారు. ఫలితం దాదాపు మారలేదు. ఆలివ్ నూనె, గింజలతో ఈ తరహా భోజనం చేసినవాళ్లలో గుండెపోటు, పక్షవాతం వంటివి సుమారు 30 శాతం తక్కువ. ఎవరు ఎన్ని తూకాలు వేసినా ఈ కంచం తేలిపోలేదు.

ఉపవాసాల మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. గ్రీకు ఆర్థడాక్స్ క్రైస్తవంలో నియమంగా ఉండేవాళ్లకి ఏడాదిలో సగం రోజుల దాకా మాంసం, పాలు, గుడ్లు నిషేధం. అన్ని రోజులు కూరగాయలతోనే నెట్టుకురావాలంటే వాటిని రుచిగా వండటం రావాలిగా! అలా వచ్చినవే ‘లాదెరా’ వంటలు. లాది అంటే నూనె. కూరగాయని టొమాటో, ఉల్లిపాయతో కలిపి ఆలివ్ నూనెలో నింపాదిగా మగ్గబెట్టడమే. మనకి బాగా పనికొచ్చేది వాళ్ల ‘బామియెస్’. అంటే బెండకాయ!

అరకిలో లేత, పొట్టి బెండకాయలు తీసుకోండి. తొడిమని గోపురంలా చుట్టూ చెక్కాలి గానీ కాయ తెరుచుకోకూడదు. తెరుచుకుందా, జిగురంతా బయటికొస్తుంది. రెండు చెంచాల వెనిగర్, ఉప్పు పట్టించి అరగంట పక్కన పెట్టి కడిగేస్తే ఆ జిగురు బాధ చాలావరకు తీరుతుంది. వెడల్పాటి గిన్నెలో పావు కప్పు ఆలివ్ నూనె (గ్రీకు అమ్మమ్మలైతే అరకప్పు పోస్తారు) వేడిచేసి, రెండు ఉల్లిపాయలు, మూడు వెల్లుల్లి రెబ్బలు మెత్తబడేదాకా వేయించాలి. నాలుగు పండిన టొమాటోల గుజ్జు, ఉప్పు, మిరియాల పొడి వేసి, అది ఉడుకుతుంటే బెండకాయలు పరవాలి. సగం గ్లాసు నీళ్లు పోసి మూతపెట్టి, సన్నని సెగమీద అరగంటో ఇంకాస్తో. గరిటె పెట్టకూడదు! మధ్యలో గిన్నెని పట్టుకుని అటూఇటూ కదపాలంతే. నీళ్లు ఇంకి నూనె తేలాక దించి చల్లారనివ్వాలి. పొగలు కక్కుతుండగా తినే కూర కాదిది. చల్లారాకే పులుపూ తీపీ తెలుస్తాయి. అన్నంలోకీ బాగానే ఉంటుంది గానీ, రొట్టె ముక్కతో నూనె అద్దుకు తింటేనే దాని మజా.

పప్పుధాన్యాల్లో కూడా కొత్త ముఖం కనిపించదు. ‘మావ్రోమాతికా’ అంటే నల్లకళ్లవి అని అర్థం. చూస్తే మన అలసందలే, బొబ్బర్లు! ఒక కప్పు గింజల్ని ఐదు నిమిషాలు ఉడికించి ఆ నీళ్లు పారబోసి, కొత్తనీళ్లలో మెత్తబడేదాకా ఉంచాలి. మెదిగిపోతే మాత్రం పప్పే అవుతుంది. కుక్కరు కంటే గిన్నెలో వండుకుంటే మేలు. వేడిగా ఉన్నప్పుడే మూడు చెంచాల ఆలివ్ నూనె, నిమ్మరసం, ఉప్పు కలిపితే గింజ లోపలికి పీల్చుకుంటుంది. చల్లారాక సన్నగా తరిగిన ఉల్లికాడలు, టొమాటో ముక్కలు, సోయకూర. అక్కడ పార్స్లీ కూడా వేస్తారు. దొరక్కపోతే కొత్తిమీర వేసుకోవచ్చు, వాసన మాత్రం పూర్తిగా మనదైపోతుంది. సాయంత్రం స్కూలు నుంచి వచ్చిన పిల్లలకి గిన్నెలో పెట్టిస్తే గుగ్గిళ్లనుకునే తినేస్తారు.

పెరుగుతో చేసే ‘జాజికి’ అందరికీ తెలిసిందే. కాకపోతే మనవాళ్లు దాన్ని పెరుగుపచ్చడి చేసేస్తారు. అరకిలో గట్టి పెరుగుని పల్చటి బట్టలో మూటకట్టి మూడు నాలుగు గంటలు వేలాడదీయాలి. తురిమిన కీరాకి ఉప్పు కలిపి, కాసేపాగి, రసమంతా గట్టిగా పిండేయాలి. బద్ధకించి ఈ పని మానేస్తే గిన్నె అడుగున నీళ్లూరతాయి. రెండూ కలిపి, ఒక వెల్లుల్లి రెబ్బ నూరి వేసి, చెంచాడు వెనిగర్, రెండు చెంచాల ఆలివ్ నూనె. ఆవాలు, ఎండుమిర్చి వైపు చెయ్యి పోతుంది... ఆపుకోవాలి!

‘డాకోస్’ మాత్రం కొంచెం చిక్కు. బార్లీ పిండి రొట్టెని రాయిలా గట్టిపడేదాకా రెండోసారి ఎండకాల్చి, తినేముందు నీళ్లు చిలకరించి, పైన తురిమిన టొమాటో, మిజిత్రా అనే జున్ను, ఒరెగానో, నూనె వేసే క్రీట్ పలహారమిది. మన బేకరీ రస్కులు తీపివి. వాటితో ప్రయత్నించకండి. గోధుమ బ్రెడ్డు ముక్కల్ని పెనంమీద సన్నని సెగన కరకరలాడేదాకా కాల్చుకుంటే సరిపోతుంది. జున్ను బదులు పనీర్‌ని ఉప్పు, నిమ్మరసం కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి చిదుముకోవచ్చు. గొర్రెపాల ఫెటా రుచి రాదు, రాదని తెలిసి తింటే బాగానే ఉంటుంది.

ఇక నూనె. ఖర్చంతా ఇక్కడే. ఇన్ని వంటలకూ పెద్ద డబ్బా కొననక్కర్లేదు, ముదురురంగు సీసాలో చిన్నది చాలు. మీద ‘ఎక్స్‌ట్రా వర్జిన్’ అని ఉండాలి. ఆమ్లత 0.8 శాతానికి మించనిదే ఆ పేరుకి అర్హం. చవగ్గా దొరికే ‘పోమేస్’ వేరు. అది పిండేసిన పిప్పి నుంచి రసాయనాలతో తీసి శుద్ధి చేసింది, వేయించుకోవడానికి సరే గానీ పచ్చిగా పోసుకోవడానికి కాదు. మంచి తాజా నూనె చెంచాడు మింగితే గొంతులో మిరియంలా గుచ్చి దగ్గొస్తుంది. పాడైందని కంగారుపడొద్దు. ఆ ఘాటు ఒలియోకాంథాల్ అనే పదార్థానిది. నొప్పి తగ్గించే ఐబుప్రొఫెన్ లాగే అదీ పనిచేస్తుందని 2005లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. రోజూ తినే వేపుళ్లు, పచ్చళ్ల నూనెకి తోడుగా ఇది కూడా పోస్తే లాభం లేదు. దానికి బదులుగా పోయాలి.

క్రీట్‌లో తర్వాతి తరాలు తాతలు కోరుకున్న మాంసాన్ని కొనుక్కోగలిగాయి. పొలం గట్లమీద నడిచిన కాళ్లు కార్లెక్కాయి. నడుములు పెరిగాయి, వాటితోపాటే గుండె జబ్బులూ వచ్చాయి. సరిగ్గా ఆ భోజనం ఇళ్లలో తగ్గుతున్న రోజుల్లో, 2010లో, యునెస్కో దాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. గ్రీసు, ఇటలీ, స్పెయిన్, మొరాకో పేర్లు ముందు చేరాయి. 2013లో పోర్చుగల్, సైప్రస్, క్రొయేషియా కలిశాయి.

కీస్ దంపతులు మాత్రం తాము చెప్పింది తామే తిన్నారు. ఇటలీ దక్షిణాన పియొప్పి అనే చిన్న పల్లెలో సముద్రం పక్కన ఇల్లు కట్టుకుని, తోట పెంచుకుని ఏళ్లపాటు ఉన్నారు. ఇద్దరూ కలిసి వంటల పుస్తకాలు రాశారు. ఆయన 2004లో నూరేళ్లు నిండాక పోయారు. మార్గరెట్ 2006లో, 97వ ఏట.

అన్నట్టు బెండకాయ కూర మిగిలితే పారేయొద్దు. మర్నాటికి ఇంకా బాగుంటుంది.