నాన్న కిడ్నీలో మచ్చ

పోయిన సంక్రాంతికి ఊరెళ్తే, నాన్న బయాప్సీ రిపోర్ట్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇంగ్లీషులో ఏటి రాసేర్రా?" అన్నాడు.

మాది ఉద్దానం. కొబ్బరికీ జీడికీ పేరున్న చోటు. ఇప్పుడు ఊరి పేరు చెప్తే ఎవరైనా కిడ్నీల గురించే అడుగుతారు. కారణం ఏంటో ఇంతవరకూ గట్టిగా తేలలేదు.

రిపోర్టులో ఒక్క మాట దగ్గర ఆగిపోయా: ఫైబ్రోసిస్. అంటే మచ్చ కట్టడం. మోకాలు చెక్కుకుపోతే మచ్చ మిగులుతుంది కదా, అలాంటిదే కిడ్నీ లోపల. దెబ్బ తగిలిన చోట శరీరం కొల్లాజెన్ అనే పీచుని నింపేస్తుంది. చర్మం మీదైతే పర్లేదు. కిడ్నీలో పీచు ఎంత మేర పెరిగితే అంత మేర పని పోయినట్టే.

ఆ రాత్రి ఫోన్‌లో చదువుతుంటే మైక్రో ఆర్ఎన్ఏలు తగిలాయి. నేను బయాలజీ చదివింది టెన్త్ వరకే. నాకర్థమైంది ఇదీ: ప్రొటీన్ తయారవ్వాలంటే డీఎన్ఏ నుంచి ఒక మెసేజ్ వెళ్లాలి. సుమారు 22 అక్షరాలుండే మైక్రో ఆర్ఎన్ఏ ఆ మెసేజ్‌కి అతుక్కుని దాన్ని మ్యూట్ చేస్తుంది, ఒక్కోసారి డిలీటే చేయించేస్తుంది. మిల్లీమీటరు పొడవుండే ఒక పురుగులో ఈ సంగతి 1993లో బయటపెట్టిన విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకి 2024లో నోబెల్ వచ్చింది.

కిడ్నీ దగ్గరికొస్తే, మిర్-29 అనేది కొల్లాజెన్ మెసేజ్‌లని నొక్కి పెడుతుంది. అంటే మన పక్షం. దెబ్బతిన్న కిడ్నీలో టీజీఎఫ్-బీటా అనే సిగ్నల్ పెరిగి దీన్ని తగ్గించేస్తుంది. అదే సిగ్నల్ మచ్చని పెంచే మిర్-21ని ఎగదోస్తుంది. బ్రేకు ఊడిపోయి, యాక్సిలరేటర్ ఇరుక్కుపోయిన బండి అనుకోండి.

మిర్-21 లేని ఎలుకల కిడ్నీల్లో మచ్చ తక్కువ కట్టిందని చదవగానే లేచి కూర్చున్నా. దాన్ని ఆపే మందు కూడా తయారు చేశారట, పేరు లాడెమిర్సెన్. ఆల్‌పోర్ట్ సిండ్రోమ్ అని, వంశపారంపర్యంగా వచ్చే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఇచ్చి చూశారు. ఫలితం వచ్చేలా లేదని 2022లో ట్రయల్ ఆపేశారు.

టెస్టింగ్‌లో అన్నీ పాసై ప్రొడక్షన్‌లో కూలిపోయిన కోడ్ నాకు కొత్త కాదు. కానీ అర్ధరాత్రి దాటాక ఆ లైను చదివితే గొంతు పట్టేసింది.

పొద్దున్నే అరుగు మీద కూర్చుని నాన్న అడిగాడు, "ఆ మచ్చ పోద్దేటి?"

"ఉన్నది పోదు నాన్నా. కొత్తది తొందరగా పెరక్కుండా చూసుకోవాలి. బీపీ మాత్ర మానకు. ఒళ్లు నొప్పులని షాపులో మాత్రలు కొని మింగకు."

"మరి రాత్రంతా ఏటి చదివేవు?"

ఎలుకల సంగతి చెప్పా. ట్రయల్ ఆగిపోయిన సంగతీ చెప్పా. దాచబుద్ధి కాలేదు.

"అయితే ఎలకలు బాగున్నాయన్నమాట" అని నవ్వాడు. కాసేపాగి, చొక్కా జేబులోంచి నొప్పి మాత్రల షీటు తీసి నా చేతిలో పెట్టాడు. అందులో నాలుగు అప్పటికే ఖాళీ.