కరెంటు బాగుంటేనే పాట బాగుంటుంది

నిన్న సాయంత్రం వీధంతా ఏసీలు నడుస్తున్న వేళ మృదంగం తని ఆవర్తనం గట్టిగా పెట్టుకుని విన్నాను. ఎడమ చేతి దెబ్బ పడ్డప్పుడల్లా శబ్దం చితికిపోయింది. మీటరు పెట్టి చూస్తే 207 వోల్టులు. ఈ ఉదయం 230 ఉంది. అదే రికార్డు, అదే వాల్యూమ్. దెబ్బ గుండెకి తగిలింది!

తేడా పది శాతమే కదా అనుకుంటాం. కానీ చాలా ఆంప్లిఫయర్లలో లోపలి డీసీ వోల్టేజీ కూడా అదే లెక్కన పడిపోతుంది. పవర్ వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి గరిష్ఠ పవర్ దాదాపు 19 శాతం తగ్గుతుంది.

పాట ఆగినప్పుడు స్పీకర్‌లో సన్నగా "గుమ్మ్" అని వినిపిస్తోందా? మన కరెంటు 50 హెర్ట్జ్. డీసీగా మారేటప్పుడు అది 100 హెర్ట్జ్ అలగా మిగులుతుంది. దాన్ని నునుపు చేసేవి కెపాసిటర్లు. అవి ఏళ్లు గడిచి ఎండిపోతే ఆ మోత పాటలోకి వచ్చేస్తుంది.

ఆంప్లిఫయర్ చేసే పనల్లా గోడలోంచి వచ్చే కరెంటుని సంగీతంగా మలచడమే. అందుకే ఖరీదైన కేబుల్ కొనేముందు ఒక్కసారి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వోల్టేజీ, ఎర్తింగ్ చూపించుకోండి.