డియర్‌బోర్న్ కహ్వా దుకాణంలో ఒక సహన పాఠం

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ నగరాన్ని ఆనుకొని డియర్‌బోర్న్ పట్టణం ఉంది. ఫోర్డ్ మోటారు కంపెనీ ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. 1917లో రూజ్ నది ఒడ్డున ఆ కంపెనీ మొదలుపెట్టిన మహా కర్మాగారం, ఎక్కడెక్కడి శ్రామికులనో ఇక్కడికి రప్పించింది. లెబనాన్ నుండి, యెమెన్ నుండి వచ్చిన ముస్లిం కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. వారెన్ అవెన్యూలో నడిచేవారికి దుకాణాల పేరుపలకల మీద ఇంగ్లీషుతోపాటు అరబీ అక్షరాలు కూడా కనిపిస్తాయి.

గత వసంతంలో ఇక్కడ బంధువుల ఇంట కొన్ని వారాలు గడిపే అవకాశం అల్లాహ్ మాకు ప్రసాదించాడు. ఇషా నమాజు తర్వాత దాదాపు ప్రతి రాత్రీ దగ్గరలోని యెమెనీల కహ్వా దుకాణానికి వెళ్లేవాళ్లం. ఏలకులు వేసి కాచిన కహ్వా, లవంగాల పరిమళం గల పాలతో అదనీ చాయ్, కాఫీ గింజల పైపొట్టును అల్లంతో మరిగించిన ఖిష్ర్ అక్కడ దొరుకుతాయి. తేనెపట్టు ఆకారంలో ఉండే మెత్తని తీపి రొట్టెను ముక్కలుగా తుంచుకొని అందరూ పంచుకుంటారు. విద్యార్థులు, హిజాబ్ ధరించిన తల్లులు, పసిపిల్లలు, వృద్ధులు అర్ధరాత్రి దాకా నిశ్చింతగా కూర్చుంటారు. మద్యం వాసన ఉండదు.

కహ్వాకు ఈ గుణం కొత్తది కాదు. పదిహేనవ శతాబ్దంలో యెమెన్ సూఫీలు రాత్రివేళ జిక్ర్‌లో నిద్ర రాకుండా దీనిని సేవించేవారు. 1511లో మక్కాలో ఒక అధికారి కహ్వాను నిషేధించినా, ఆ నిషేధం నిలువలేదు. యెమెన్ లోని మోఖా రేవు నుండి ఈ గింజలు లోకమంతా చేరాయి. బాబా బుడన్ అనే సూఫీ ఏడు గింజలను చిక్కమగళూరు కొండలకు తెచ్చారని మన దక్కన్‌లో చెప్పుకొంటారు.

ఆ దుకాణంలోనే కార్ల కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక యెమెనీ వృద్ధుడితో మాకు పరిచయమైంది. నెరసిన గడ్డం, తలపై డెట్రాయిట్ టైగర్స్ బేస్‌బాల్ జట్టు టోపీ! మా సంభాషణ అరబీలో సాగేది. పక్కన ఆయన మనవడు ఫోనులో ఆట చూస్తూ కూర్చునేవాడు. ఏప్రిల్ నెల. సీజన్ అప్పుడే మొదలైంది. ఆ రాత్రి జట్టు మళ్లీ ఓడిపోయింది.

“జిద్దీ, ఈ ఏడు కూడా అంతే! ఏప్రిల్‌లోనే మన పని అయిపోయింది” అన్నాడు కుర్రవాడు తాతగారితో.

వృద్ధుడు నవ్వి మా వైపు తిరిగారు. “షేఖ్, ఒక్కో జట్టు ఏడాదికి 162 ఆటలు ఆడుతుంది. వంద గెలిచిన జట్టు కూడా 62 ఓడినట్లే. ఎంతో గొప్పవాడనిపించుకున్న బ్యాటరు సైతం పదిసార్లలో ఏడుసార్లు విఫలమవుతాడు. ఇక ఏప్రిల్‌లో ఏం తెలుస్తుంది?” అన్నారు.

ఆయన చెప్పిన లెక్కలు ఆ నగర చరిత్రలో ఉన్నవే. 1984లో టైగర్స్ మొదటి 40 ఆటల్లో 35 గెలిచి, చివరికి వరల్డ్ సిరీస్ కైవసం చేసుకున్నారు. 2003లో మొదటి తొమ్మిది ఆటలూ ఓడి, ఆ ఏడాది మొత్తం 119 పరాజయాలు చవిచూశారు. అదే జట్టు మూడేళ్లకు, 2006లో, అమెరికన్ లీగ్ విజేతగా నిలిచింది. 2003లో టోపీ విసిరేసినవారికి 2006 సంతోషంలో భాగం ఎక్కడిది?

అయితే ఆయన అసలు బాధ ఓటమి కాదు. 2021 నుండి మిషిగన్‌లో ఫోను ద్వారా ఆటలపై పందెం కాయడం చట్టబద్ధమైంది. ఆట మధ్యలోనే పందెం ప్రకటనలు వస్తాయి. ఓడిన కోపంలో ఉన్న కుర్రవాడికి “పోయింది రాబట్టుకో” అనే పిలుపు తియ్యగానే వినిపిస్తుంది. “ఓటమి బాధ మనసులో ఉంటే తెల్లవారేసరికి తగ్గుతుంది. ఇంటి ఖర్చులో చేరితే తగ్గదు. అందుకే మావాణ్ణి ఒంటరిగా గదిలో ఆట చూడనివ్వను, ఇక్కడికి తీసుకొస్తాను” అన్నారాయన.

ఆ మాట మమ్మల్ని ఆలోచింపజేసింది. దివ్య ఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా మద్యాన్నీ జూదాన్నీ ఒకేచోట నిషేధించింది, అవి మనుషుల మధ్య వైరం పెంచుతాయనీ, నమాజు నుండి దూరం చేస్తాయనీ హెచ్చరించింది. తొలి దెబ్బ తగిలిన క్షణంలో చూపేదే నిజమైన సహనమని దైవప్రవక్త (స) బోధించారు. ఆట ఓటమి ఒక ఆపద ఏమీ కాదు. కానీ చిన్న నిరాశను ఓర్చుకోవడం అలవాటు కాని మనసు, పెద్ద ఆపదకు ఎలా నిలుస్తుంది?

ఇదే ఏప్రిల్‌లో మన ఇళ్లలో ఐపీఎల్ నడుస్తుంది. మన పిల్లలూ తొలి ఓటములకే చిటపటలాడతారు, వారి ఫోన్లలోకీ పందెపు పిలుపులు రాకపోవు. నమాజు తప్పనంతవరకు, పందెం చేరనంతవరకు, ఆట చూసే పిల్లవాణ్ణి కసరనక్కరలేదు. కసిరితే తలుపు మూసుకొని చూస్తాడు, ఆ మూసిన తలుపు వెనుకే ప్రమాదం పొంచి ఉంటుంది. పెద్దవారు వాడి పక్కన కూర్చోవాలి. లెక్కలు తెలిసి ఉండాలి. ఒక కప్పు చాయ్ చేతికివ్వాలి. ఓడిన రాత్రి వాడు ఎవరితో మాట్లాడుతున్నాడో, ఆ మనిషి తండ్రో, తాతో అయ్యేలా చూసుకోవడం మన ఇంటి బాధ్యత.