పుస్తకంలో లేని తూటా

మా బాన్సువాడలో తుపాకి అంటే బ్యాంకు గార్డు భుజానికి వేలాడేదే. టెక్సాస్ వచ్చాక షూటింగ్ రేంజికి పోవడం అలవాటైంది. ఆ వెంటే, కాల్చిన ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి గ్యారేజీలో మళ్లీ తూటాలు కట్టే పిచ్చి పట్టింది. ఇక్కడ సొంతానికి కట్టుకుంటే తప్పు కాదు. మనదేశంలో లైసెన్సు లేకుండా తయారుచేస్తే 1959 ఆయుధాల చట్టం కింద నేరం. "గది మనకాడ చేస్తే ఎట్లుంటది బావా?" అని మా బావమరిది ఫోన్లో అడుగుతుంటాడు. జైల్ల ఉంటది అంటాను.

ఏ బుల్లెట్‌కి ఏ తుపాకి మందు ఎంత పోయాలో లైమన్, హాడ్జ్‌డన్ లాంటి కంపెనీలు పరీక్షించి పట్టికలు వేస్తాయి. 9 ఎంఎం తూటాకు అమెరికాలో ఒత్తిడి హద్దు 35,000 పీఎస్ఐ. నేను కొన్న కొత్త బుల్లెట్లు పూర్తి రాగివి, 115 గ్రెయిన్లు. నా దగ్గరున్న మందుతో వాటికి లెక్క ఏ పుస్తకంలోనూ దొరకలేదు. పుస్తకంలోని సీసం బుల్లెట్ కూడా 115 గ్రెయిన్లదే కదా, బరువు ఒకటే అయినప్పుడు లెక్కా ఒకటే అనుకున్నాను. పైగా కనిష్ఠం నుంచి కాదు, మధ్య నుంచి మొదలుపెట్టాను.

సీసం సాంద్రత 11.34, రాగిది 8.96. బరువు సమానమైతే రాగిదే పొడుగు. తూటా మొత్తం పొడవు మాత్రం పుస్తకంలో ఉన్నట్టే 28.5 మి.మీ. పెట్టాను. బుల్లెట్ పొడవుకు గొట్టం పొడవు 19.1 కలిపి, అందులోంచి 28.5 తీసేస్తే, బుల్లెట్ లోపలికి ఎంత దిగిందో తెలుస్తుంది. 14 మి.మీ. సీసానిది 4.6. నా 16 మి.మీ. రాగిది 6.6. మందు మండేదే ఆ చిన్న గదిలో, అందులో రెండు మిల్లీమీటర్లు నేనే మూసేశాను.

వేగం కొలిచే యంత్రం పుస్తకంలోని గరిష్ఠాన్ని దాటి చూపించింది. గొట్టం అడుగున మందుకు నిప్పంటించే ప్రైమర్ మాత్రం గుండ్రంగా, మామూలుగానే ఉంది. దాన్ని నమ్మి ఇంకొన్ని పేల్చాను. హ్యాండ్‌గన్లలో ప్రైమర్ చదునయ్యేసరికి హద్దు ఎప్పుడో దాటిపోయి ఉండొచ్చు. ఒక గొట్టం అడుగు దగ్గర ఉబ్బి బయటపడేదాకా నాకు బుద్ధి రాలేదు.

తర్వాత బుల్లెట్ కంపెనీకి ఫోన్ చేశాను. ఆ మందును తాము పరీక్షించామనీ, ఒత్తిడి ఒక్కోసారి ఒక్కోలా వస్తుంటే పట్టికలోంచి తీసేశామనీ చెప్పారు.

ఇప్పుడు లెక్క దొరక్కపోతే ముందు మందే మారుస్తాను, డబ్బా కొత్తది కొనడం చేతివేళ్లకన్నా చవక. అదే లోహం, అదే బరువు, ముక్కు ఆకారం మాత్రమే వేరైతే, పుస్తకంలోని బుల్లెట్ కన్నా లోతు దిగకుండా చూసుకుని, కనిష్ఠంతో కొన్నే కట్టి, వేగం చూస్తూ పోతాను. ఇంకా తక్కువ పోస్తే మరీ క్షేమం అనుకునేవాళ్లున్నారు. హెచ్110 అనే మందును 3 శాతానికి మించి తగ్గించొద్దని హాడ్జ్‌డనే హెచ్చరిస్తుంది. మందు మరీ తక్కువై బుల్లెట్ తుపాకి గొట్టంలో ఇరుక్కుపోతే, వెనకాల వచ్చే తూటాతో తుపాకే పగలొచ్చు.

అప్పుడు కట్టిన తూటాల్లో మిగిలినవన్నీ పుల్లర్ సుత్తితో విప్పదీసి, మందు లాన్ మీద పల్చగా చల్లేశాను. నత్రజని ఉంటుంది కదా. నిజాంసాగర్ కాల్వ కింద వరి పండించిన ఇంటి బుద్ధి.