పగిలేదాకా చెప్పని సైకిలు

గత ఆదివారం పొద్దున్నే మా అక్కయ్య కొడుకు ఫోను చేశాడు. "మామయ్యా, కార్బను ఫ్రేము సైకిలొకటి చూశాను. ఎవరో రెండేళ్ళు తొక్కి అమ్ముతున్నారు. కొత్తదాని ధరలో సగం కూడా లేదు. పదేళ్ళు మన్నుతుందంటారా?" అని అడిగాడు. సైకిళ్ళ విషయంలో మా ఇంటిల్లిపాదికీ నేనే పండితుణ్ణి గనుక జవాబు నాలుక చివర ఉంటుందని వాడి నమ్మకం. "సాయంత్రం చెప్తాన్రా" అని పెట్టేశాను. నాలుగు రోజులైంది, ఇంకా చెప్పలేదు. వాడికి చెప్పవలసిన జవాబు ఒకటి, చెప్పకుండా దాచిన సంగతి మరొకటి. రెండూ ముడిపడి ఉన్నాయి. ముందు ఇక్కడ రాసుకుంటే కొంత ధైర్యం వస్తుందేమోనని ఈ ప్రయత్నం.

మా నాన్నగారికి ఒక నల్లటి ఉక్కు సైకిలుండేది. ఇరవయ్యేళ్ళకు పైగా దాని మీదే బడికి వెళ్ళి వచ్చారు. వెనక బియ్యం బస్తా, ముందు గొట్టం మీద నేను. ఒకసారి కాలవగట్టు మీంచి జారిపడితే ముందు ఫోర్కు వంగిపోయింది. సైకిలుషాపు సాయిబు దాన్ని విప్పి, ఒక ఇనప గొట్టం దూర్చి, కాలితో తొక్కిపట్టి వంకర తీసి, "ఇంకో పదేళ్ళు చూసుకోనక్కర్లేదు మాస్టారూ" అన్నాడు. అన్నట్టే జరిగింది. ఉక్కు స్వభావమే అది. దెబ్బ తగిలితే వంగుతుంది, వంగితే కళ్ళకు కనబడుతుంది. పైగా ఒక హద్దు లోపలి బరువు ఎన్ని లక్షలసార్లు పడినా ఉక్కు అలిసిపోదు. అల్యూమినియానికి ఆ హద్దు లేదు. ప్రతి కుదుపూ దాని ఆయుష్షులోంచి ఒక రవ్వ తీసుకుపోతూనే ఉంటుంది.

మరి కార్బను సంగతేమిటి? పేరుకు కార్బను గాని, నిజానికది రెండు పదార్థాల కాపురం. తలవెంట్రుకలో పదోవంతు మందమైనా లేని కర్బనపు పోగులు బలాన్నిస్తాయి. ఎపాక్సీ అనే జిగురు ఆ పోగులను కదలకుండా పట్టి ఉంచుతుంది. పోగులున్న గుడ్డను పొరలు పొరలుగా, ఏ దిక్కున బలం కావాలో ఆ దిక్కుకు తిప్పి, అచ్చులో పరచి, వేడిమీద గట్టిపరుస్తారు. ఘన సెంటీమీటరు ఉక్కు 7.8 గ్రాములు, అల్యూమినియం 2.7 గ్రాములు తూగితే, ఈ మిశ్రమం 1.6 గ్రాములు. అందుకే మంచి కార్బను ఫ్రేము ఒక కిలోకు అటూ ఇటూగా ఉంటుంది.

ఇంత తేలికైనది గట్టిగా ఎలా ఉంటుందన్న అనుమానం సహజమే. కాని 1986లో గ్రెగ్ లెమాండ్ టూర్ ద ఫ్రాన్స్ గెలిచింది కార్బను గొట్టాల సైకిలు మీదే. 1992 బార్సిలోనా ఒలింపిక్సులో క్రిస్ బోర్డ్‌మన్ బంగారు పతకం తెచ్చుకున్నదీ కార్బను మీదే. 2011లో ప్రయాణికులను ఎక్కించుకోవడం మొదలుపెట్టిన బోయింగ్ 787 విమానం బరువులో సగం ఇలాంటి మిశ్రమాలే. అంతదూరం పోనక్కర్లేదు. మన హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో 3 కిలోలకు పైబడిన లోహపు కాలిపర్లు ఈడ్చుకుంటూ నడిచే పిల్లలకు, అగ్ని క్షిపణి కోసం రూపొందించిన తేలిక పదార్థంతో 300 గ్రాముల కాలిపర్లు చేయించిన సంగతి అబ్దుల్ కలాం పలుచోట్ల చెప్పుకున్నారు.

సైకిలు ఫ్రేముల పరీక్షకు ఐఎస్‌ఓ 4210 అనే ప్రమాణముంది. పెడళ్ళ మీద లక్షసార్లు బరువు వేసి తీస్తారు. ఫ్రేమును నిలబెట్టి, ముందు ఫోర్కు మీదికి 22.5 కిలోల దిమ్మెను జారవిడుస్తారు. కార్బనుకైనా ఉక్కుకైనా ఈ పరీక్షలు తప్పవు. ఇక విరగడమంటారా, అది కార్బనుకే రాసిపెట్టి లేదు. 2006 పారిస్-రూబే పందెంలో, రాళ్ళు పరిచిన బాట మీద జార్జి హిన్‌కాపీ హాండిల్ చేతిలోకి ఊడివచ్చి కిందపడ్డాడు. విరిగిన ఆ ఫోర్కు కాడ అల్యూమినియంది. రోజువారీ తొక్కుడుకు వచ్చే అలసటను కార్బను లోహాలకంటే బాగానే ఓర్చుకుంటుంది. ఎండకు జిగురు పాడవుతుందన్న భయానికి పైనున్న రంగే కవచం.

ఇంతవరకూ నేను ఎవరికైనా గుక్కతిప్పుకోకుండా చెప్పగలిగిన పాఠం. ఇప్పుడు దాచిన సంగతికి వస్తాను.

రెండేళ్ళ కిందట, వానాకాలంలో, గండిపేట వైపు వెళ్తుండగా కుక్క అడ్డంవచ్చి పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయింది. సైకిలు కింది గొట్టం రోడ్డు పక్కన రాయికి కొట్టుకుంది. ఇంటికొచ్చి చూస్తే చిటికెనవేలి గోరంత గీత, అంతే. రంగు పోయిందనుకున్నాను. ఉక్కు సైకిళ్ళ మధ్య పెరిగిన కన్ను గదా, వంకర కనబడకపోతే దెబ్బ లేదనే అనుకుంటుంది. రెండు వారాలకు మేనల్లుడు వచ్చి, స్నేహితులతో అనంతగిరి వెళ్ళాలి, సైకిలిస్తారా అన్నాడు. గీత చూసి, "పడ్డారా మామయ్యా?" అని కూడా అడిగాడు. "ఏం కాలేదు, తీసుకెళ్ళు" అన్నాను. వాడు ఆ కొండ దిగి, నవ్వుతూ తిరిగొచ్చాడు.

ఆ తరవాతి వారం సైకిలు తుడుస్తుంటే గుడ్డ పోగొకటి ఆ గీత దగ్గర చిక్కుకుంది. వేలితో తడిమితే సన్నటి అంచు తగిలింది. మా అమ్మ కుండ కొనేటప్పుడు వేలు మడిచి కొట్టి చూసేది. మంచి కుండ ఖంగుమంటుంది, బీటవారినది చప్పగా పలుకుతుంది. అది గుర్తొచ్చి అయిదు రూపాయల బిళ్ళతో గొట్టం పొడవునా కొట్టుకుంటూ వచ్చాను. టక్ టక్‌మంటున్న చప్పుడు అక్కడికి వచ్చేసరికి, అట్టపెట్టె మీద కొట్టినట్టు, డబ్ డబ్‌మంది.

కార్బనుకు మరమ్మతు ఉంది. చెడిన పొరలను అరగదీసి, కొత్త గుడ్డ అతికి, మళ్ళీ గట్టిపరుస్తారు. తెలిసినవారు చేస్తే అది నమ్మదగినదే. కాని నాకు మనసొప్పలేదు. ఎవరి చేతిలోనూ పడకూడదని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, నీళ్ళు చల్లుతూ, ఆ గొట్టాన్ని రంపంతో కోశాను. రెండు మిల్లీమీటర్లు కూడా లేని ఆ గోడలో పొరలు విచ్చిన పూతరేకుల్లాగా విడివిడిగా ఉన్నాయి. గోరంత గీత కింద అరచేతి మేర గాయం. దాని మీద వాణ్ణి కొండ దింపాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడికి గాని, అక్కయ్యకు గాని ఇప్పటిదాకా చెప్పలేదు.

కాబట్టి వాడి ప్రశ్నకు నా జవాబు ఇది. కార్బను మన్నుతుంది. పదేళ్ళేమిటి, దెబ్బ తగలకపోతే ఇంకా ఎక్కువే. కాని అది వంగదు, మూలగదు. పగిలేరోజుదాకా చెప్పకపోవచ్చు. కొనేవాడు దాని మాట తానే అడిగి తెలుసుకోవాలి. బోల్టులు చేతి అంచనాతో కాక, దాని మీద రాసినంతే, సాధారణంగా 5 న్యూటన్ మీటర్లు, కొలిచే పానాతో బిగించాలి. బస్సు మీద తాళ్ళు బిగించి కట్టకూడదు. పడ్డ ప్రతిసారీ గుడ్డతో తుడిచి, బిళ్ళతో కొట్టి చూడాలి. కీళ్ళ దగ్గర గోడ మందం మారితే చప్పుడూ మారుతుంది గనుక బిళ్ళ మాట ఒక్కటే చాలదు. అనుమానమొస్తే అల్ట్రాసౌండుతో చూపించాలి. ఈ ఓపిక లేనివాళ్ళకు, బరువులు మోసేవాళ్ళకు ఉక్కే మేలు. ఇక వాడికి దొరికిన సైకిలంటారా, దాని గొట్టాల్లో ఏముందో వాడికి తెలియదు, నాకూ తెలియదు. అమ్మేవాడికి కూడా తెలియకపోవచ్చు. నాకు మాత్రం తెలిసిందా? చూపించకుండా కొనవద్దంటాను.

కాని ఆ సలహా ఇచ్చే అర్హత నాకుండాలంటే ముందు ఆ అనంతగిరి సంగతి చెప్పాలి. ఇది ప్రచురించేలోపే వాడికి ఫోను చేస్తాను. కోసిన ముక్క ఇంకా నా బల్ల మీదే ఉంది. వచ్చే ఆదివారం వాడొస్తే చేతికిచ్చి చూపిస్తాను. తిడితే పడతాను.