చిన్న రేకు తలుపు

"నీళ్లు లేకుండ మంట పెట్టిండ్రా అమ్మా?"

మేస్త్రీ అడిగిన మొదటి మాట అదే. మా అమ్మ రాగి బాయిలర్‌ని ఆయన ఇంకా పూర్తిగా తిప్పి చూడనే లేదు. వేలి గణుపుతో అడుగున రెండుసార్లు కొట్టి, చెవి ఒగ్గి విన్నాడంతే. ఉన్నమాట ఒప్పుకున్నాను. సంక్రాంతికి వచ్చిన పిల్లలు సరదాపడి అంటించారు. లోపల నీళ్లున్నాయో లేదో ఎవరూ చూడలేదు.

ఆ పొద్దున పత్తర్‌గట్టీ రాతి కమాన్ల దగ్గర ఆటో దిగి, బాయిలర్‌ని ఒక కుర్రాడి నెత్తికెత్తించి, గుల్జార్ హౌజ్ దాటి చార్మినార్ పక్క సందుల్లో పడ్డాను. సుత్తి చప్పుడు వినబడగానే ఇదే కాబోలని ఆగితే, అక్కడ వెండి వరఖ్ సాగగొడుతున్నారు. తోలు పొరల మీద పడే దెబ్బ కనుక ఆ చప్పుడు మొద్దుగా ఉంటుంది. రాగి మీది దెబ్బ మోగుతుంది. ఇంకో రెండు మలుపులు తిరిగాక ఆ మోత వినిపించింది. మనిషి నిలబడి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత కొట్టు. లోపల కొలిమి దగ్గర తండ్రి రాగి పని చేస్తాడు, గడప దగ్గర కొడుకు గీజర్లు బాగుచేస్తాడు.

మేము బాయిలర్ అనేదాన్ని వాళ్లు హమామ్ అంటారు. స్నానశాల పేరే పాత్రకూ వచ్చింది. అసలు హమామ్‌ని చూడాలంటే గోల్కొండ పక్కన కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరికి వెళ్లాలి. రాజుల దేహాలకు ఆఖరి స్నానం చేయించిన చోటది. నడుమ పన్నెండు పలకల అరుగు ఉంటుంది.

మా బాయిలర్‌కి కుళాయి లేదు. పైన గరాటు, పక్కన చిన్న కొమ్ము, నడుమ నిలువునా నిప్పుల గొట్టం. చిన్నప్పుడు అదొక మాయలా ఉండేది నాకు: గరాట్లో చెంబెడు చన్నీళ్లు పోస్తే కొమ్ములోంచి చెంబెడు వేన్నీళ్లు వచ్చేవి. ఆ కిటుకు గరాటు కింద ఉంది. దాని గొట్టం అడుగుదాకా దిగుతుంది. చన్నీళ్లు బరువు, వేన్నీళ్లు తేలిక. కిందికి చేరిన చన్నీళ్లు పైనున్న వేన్నీళ్లను బయటికి నెడతాయి. పంపు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు.

మేస్త్రీ నా చెయ్యి లోపల పెట్టించి అతుకు ఊడిన చోటు చూపించాడు. "నీళ్లున్నంత సేపు మాటు కరగదమ్మా. నీళ్లే కాపాడుతయి. నీళ్లు లేకుంటే మొదలు పోయేది అతుకే." నిజమే. నీళ్లు మరుగుతున్నంతసేపూ రాగి నూరు డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. తగరం 232 డిగ్రీలకు గానీ కరగదు. ఈసారి నిప్పు తగిలేచోట ఇత్తడితో అతుకుతానన్నాడు. తర్వాత బూడిద గూడు దగ్గర వేలు ఆడించి ఆగాడు.

"ఇక్కడి రేకు ఏది?"

ఏ రేకో నాకు తెలియలేదు. బూడిద గూటికి ఒక జారుడు తలుపు ఉండాలట. అది పోయి ఎన్నేళ్లయిందో. మేము వేడి తగ్గించాలంటే కట్టెలు బయటికి లాగేవాళ్లం, పెంచాలంటే ఇంకో రెండు తోసేవాళ్లం. ఇల్లంతా పొగ. మేస్త్రీ తల అడ్డంగా ఆడించాడు. "మంటతోని కొట్లాడొద్దమ్మా. గాలిని పట్టుకోవాలె." తలుపు తెరిస్తే నిప్పుకి ఊపిరి అందుతుంది, సగం వేస్తే నీళ్లు వెచ్చగా నిలుస్తాయి, పూర్తిగా వేస్తే బొగ్గులు నివురు కప్పుకొని పడుకుంటాయి.

అక్కడే నాకు న్యూజెర్సీలో మా అమ్మాయి ఇల్లు గుర్తొచ్చింది. పోయిన చలికాలం మూడు నెలలు అక్కడున్నాను. మనకి గదిని వేడి చెయ్యాల్సిన అవసరం ఎప్పుడొచ్చింది గనక? 1946 జనవరి 8న హైదరాబాద్‌లో 6.1 డిగ్రీలు నమోదైతే ఇప్పటికీ దాన్నే చెప్పుకుంటాం. మనం వేడిచేసేది నీళ్లని. వాళ్లు ఆ నీళ్లతోనే ఇంటిని వేడిచేస్తారు. నేలమాళిగలో బాయిలర్, ఒక పంపు, గోడల అడుగున పొడుగాటి రేకు పెట్టెలు. ఆ పెట్టెల్లో రాగి గొట్టం, దాని నిండా పల్చటి అల్యూమినియం రెక్కలు. మరిగేదానికన్నా కాస్త తక్కువ వేడితో నీళ్లు అన్ని గదులూ చుట్టి మళ్లీ బాయిలర్‌లోకి వస్తాయి.

ఇంతటి ఏర్పాటుకీ ఒకటే థర్మోస్టాట్. అది వంటింటి గోడకి అవతల పక్కన ఉంది. నేను పొద్దున్నే దోసెలు వేస్తుంటే ఆ గోడ వేడెక్కేది. ఇల్లంతా వెచ్చబడిందనుకొని థర్మోస్టాట్ బాయిలర్‌ని ఆపేసేది. వెనక గదిలో మనవడు దుప్పటి ముసుగులోంచి బయటికి వచ్చేవాడు కాదు. రాత్రి పొయ్యి ఆరాక ఇదే తిరగబడేది: వంటిల్లు చల్లారి బాయిలర్ ఆగకుండా నడిచేది, మేడమీద పడకగది ఉడికిపోయేది. అమ్మాయి అక్కడ కిటికీ తెరిచేది. డబ్బు పెట్టి కాచిన వేడి మంచులోకి పోతుంటే నాకు కడుపు తరుక్కుపోయేది. ఒక్కో గదికీ ఫోనులో తిప్పుకునే యంత్రాలు పెట్టాలని ఒకరు పెద్ద అంచనా రాసిచ్చి వెళ్లారు.

ఈ సంగతంతా చెబితే గడప దగ్గరి కొడుకు లేచి వచ్చాడు. "థర్మోస్టాట్ తప్పు చెప్పలేదు ఆంటీ. అది కూచున్న జాగ తప్పు." తీసేసిన గీజర్ థర్మోస్టాట్ ఒకటి రంపంతో కోసి చూపించాడు. బయట ఇత్తడి గొట్టం, లోపల సన్నటి కడ్డీ. వేడికి ఇత్తడి సాగుతుంది, కడ్డీ దాదాపు సాగదు. ఆ వెంట్రుకవాసి తేడాతో స్విచ్ విడిపోతుంది. ఆ కడ్డీ ఇన్వార్ అనే ఇనుము, నికెల్ మిశ్రమం. దాన్ని 1896లో కనిపెట్టిన గియోమ్‌కి 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ నోబెల్ లోహపు ముక్క పాతబస్తీ గడప మీద చిత్తు డబ్బాలో కనబడింది నాకు.

ఐరోపా ఇళ్లలో ఇంకో పద్ధతి ఉంది. ప్రతి రేడియేటర్‌కీ సొంత కుళాయి, దాని తలలో వేడికి ఉబ్బే పదార్థం. గది వెచ్చబడితే అదే ఉబ్బి నీళ్ల దారి మూస్తుంది. డెన్మార్క్‌లో డాన్‌ఫాస్ స్థాపకుడు మాడ్స్ క్లాసెన్ 1943లో దానికి పేటెంట్ వేశాడు. తల మీద 1 నుంచి 5 వరకూ అంకెలు, 3 దగ్గర పెడితే ఇరవై డిగ్రీల చుట్టుపక్కల. నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు అది. కానీ మా అమ్మాయి ఇంట్లో అది కుదరదు. అక్కడ గొట్టం ఒకటే, గదుల గుండా దండలా పోతుంది. ఒకచోట నీళ్లు ఆపితే తర్వాతి గదులన్నీ ఎండిపోతాయి.

"అయితే నీళ్లను ఆపొద్దు" అన్నాడు తండ్రి, కొలిమిలోంచి తల ఎత్తకుండానే. "నీళ్లు పోనీయండి. గాలిని ఆపండి. ఆ పెట్టెకు రేకు ఉండదా?"

ఉంది! ఆ పెట్టెల పైన పొడవునా సన్నటి మడత రేకు ఉంది. మూడు నెలలూ దాన్ని అలంకారం అనుకున్నాను. అది మూస్తే లోపల నీళ్లు పారుతూనే ఉంటాయి, పక్క గదికి వేడిగానే చేరతాయి. రెక్కల మీదుగా గాలి మాత్రం పైకి లేవదు. ఆ గది కాస్త చల్లబడుతుంది.

ఇంటికొచ్చాక చదివితే ఇంకో విషయం తెలిసింది. అమెరికాలో మొదటి తరం థర్మోస్టాట్లలో ఒకదాన్ని మినియాపోలిస్‌లో ఆల్బర్ట్ బట్జ్ 1885లో తయారుచేసి, మరుసటి ఏడు పేటెంట్ పొందాడు. గది చల్లబడితే ఒక చిన్న మోటారు గొలుసు లాగి బొగ్గు పొయ్యి గాలి తలుపు ఎత్తుతుంది, వెచ్చబడితే దింపుతుంది. అంతే ఆ యంత్రం. అందులోంచి పెరిగిన కంపెనీయే హనీవెల్. మా మేస్త్రీ చేత్తో జరిపే రేకుకి బట్జ్ గొలుసు కట్టాడు.

ఆ రాత్రి అమ్మాయికి ఫోన్ చేసి, వెనక గది రేకు పూర్తిగా తెరవమనీ, మేడమీది పడకగదిలో మూయమనీ చెప్పాను. ఏళ్ల రంగు అంటుకొని అది కదలలేదట. స్క్రూడ్రైవర్‌తో గీకి కదిలించింది. థర్మోస్టాట్‌ని వంటింటి గోడ నుంచి లోపలి గోడకి, ఎండా పొయ్యి సెగా తగలని చోటికి మార్పించమన్నాను. పెద్ద అంచనా కాగితం ప్రస్తుతానికి పక్కన పెట్టింది.

నాలుగో రోజు బాయిలర్ తెచ్చుకోవడానికి వెళ్లాను. మేస్త్రీ కొబ్బరి పీచుతో అంటించి, రెండు పుల్లలు వేసి, కొత్తగా కోసిన ఇనప రేకు తలుపు సగం జరిపాడు. పొగ పల్చబడింది. కాసేపాగి అరచేతి వెనకవైపు రాగి మీద మూడు చోట్ల ఆనించాడు. "పైన కాలింది, నడుమ వెచ్చగున్నది, కింద ఇంక సల్లగున్నది." గరాట్లో చెంబుతో చన్నీళ్లు పోయమన్నాడు. పోశాను. కొమ్ములోంచి ఆవిరి లేస్తూ వేన్నీళ్లు వచ్చాయి.

రేకు అంచు వేలికి గీసుకుంటుందేమోనని ఆయన ఆకురాయితో ఇంకోసారి రుద్దాడు. "ఇల్లు చేరినంక మీ అమ్మగారితోని జరిపించి చూడండి. గట్టిగుంటే తెండి, వదులు చేస్త."