ఇసుకపర్రపై దారి చూపువారు

ఇంగ్లండు దేశపు వాయవ్య తీరమున మోర్‌కాంబ్ అఖాతమను ప్రదేశమొకటి కలదు. కెంట్, కీర్, లెవెన్, ల్యూన్, వైర్ అను అయిదు నదులును వచ్చి అందులో కలియును. దినమునకు రెండుమార్లు సముద్రము వెనుకకు తీయగా, సుమారు 310 చదరపు కిలోమీటర్ల మేర ఇసుకయు బురదయు బయటపడి, తెలియనివారికి అది స్థిరమైన నేలయే యను భ్రాంతిని కలిగించును. అమావాస్యా పౌర్ణముల పెద్దపోటునందు ఇచ్చటి నీటిమట్టము పది మీటర్ల వరకు హెచ్చుచు తగ్గుచు నుండును. మన విశాఖపట్టణమున పెద్దపోటుకు సయితము ఆ తేడా రెండు మీటర్లకు మించదు. ఆ తేడాను తలచుకొన్నచో ఇచ్చటి జలము ఎంత వేగముతో రావలసియుండునో ఊహించుకొనవచ్చును.

లాంకాస్టరులో వైద్యవృత్తియందున్న మా మేనల్లుని యింట ఉండిన దినములలో, ఈ అఖాతమును కాలినడకను దాటు బృందముతో కలిసి పోవు అవకాశము నాకు లభించెను. ఆర్న్‌సైడ్ అను గ్రామమున బయలుదేరి, కెంట్ నదిని దాటి, ఆవలి యొడ్డున కెంట్స్‌బ్యాంక్ చేరుట యీ నడక క్రమము. వేసవిలో ధర్మకార్యములకు విరాళములు కూర్చు నిమిత్తము ఇట్టి నడకలు జరుగుచుండును. వందలకొలది జనము, పిల్లలు, వృద్ధులు, వారి కుక్కలు సహితము, ఒక్క మనిషి వెంట నడచును. ఆ ఒక్క మనిషి రాజుగారి మార్గదర్శి. నేను పోయినది ముఖ్యముగా ఆ ఉద్యోగమును చూచుటకే.

1857లో రైలుమార్గము పడకపూర్వము, లాంకాస్టరు నుండి ఆవలి సీమకు పోవువారు దూరపు కొండదారిని విడిచి, గుఱ్ఱపుబండ్లతో ఈ ఇసుక మీదుగనే పోవుచుండిరి. పూర్వము కార్ట్‌మెల్ మఠమునందలి సన్యాసులు దారిచూపువారిని ఏర్పాటు చేసిరి. మఠములు రద్దయిన తరువాత ఆ భారము రాజవంశపు ఆస్తియగు లాంకాస్టర్ డచీకి సంక్రమించి, 1548 నుండి ఈ ఉద్యోగము అవిచ్ఛిన్నముగా సాగుచున్నది. వార్షిక వేతనము 15 పౌనులు. దానితోపాటు కెంట్స్‌బ్యాంకులో ప్రాచీనమైన యొక యిల్లును, కొంత భూమియు. 1963 నుండి 2019 వరకు సెడ్రిక్ రాబిన్సన్ ఈ పదవియందుండెను. ఫ్లూక్‌బరో అను పల్లెలో పుట్టిన జాలరి ఆయన. తరువాత నియమితుడైన మైకేల్ విల్సనును ఆ పల్లె జాలరియే. పట్టభద్రులను గాక, ఆ పర్రపై రొయ్యలు పట్టి బ్రతికినవారినే ఈ పనికి ఎంచుట నాకు ఎంతో సమంజసముగా తోచినది. ఏలయనగా ఇచ్చట ఉపయోగపడు జ్ఞానము పటములలో దొరకునది కాదు. కెంట్ నది తన దారిని మార్చుకొనుచునే యుండును. నిన్న మోకాటిలోతున్నచోట నేడు నిలువులోతు ఉండవచ్చును. పోయినవారము బండి నడచిన నేల ఈవారము ఊబి కావచ్చును. కావున ప్రతి నడకకు ముందును మార్గదర్శి కఱ్ఱ చేతబూని పోయి, నదిని వెదకి, నేలను పొడిచి చూచి, దారి పొడవున లారెల్ కొమ్మలను నాటి రావలెను.

ఆ కొమ్మలలో నొకదానిని నేను దగ్గరగా పరిశీలించితిని. మోకాలెత్తున్న రెమ్మ, దళసరి ఆకులు, నిగనిగలాడు ముదురుపచ్చ వర్ణము. ఉప్పుగాలికి ఎండియు రాలక ఆకు కాడను పట్టుకొనియుండుటచే, నిర్వర్ణమైన ఆ విశాలతయందు అది దూరమునకు నల్లని చుక్కగా కనబడును. ఇనుపగుంజలకంటె దీనిని మేలుగా ఎంచుటకు వేఱొక కారణమును నాకు కనబడినది. గుంజ నాటినచో అది అచ్చటనే యుండును, దారి మాత్రము తొలగిపోవును. అప్పుడు ఆ గుంజయే మనుష్యులను మృత్యువునొద్దకు చేర్చును. కొమ్మ యనగా ఈమధ్యనే ఎవరో వచ్చి చూచి నాటినదని అర్థము.

తీరము విడిచి కొంతదూరము పోయిన పిదప, బృందమునకు సాయముగా వచ్చిన యొక నడివయసు జాలరి మమ్ము ఒక చోట ఆపి, నున్నగా తళతళలాడు నేలను చూపెను. చూపునకు అది తక్కిన నేలకంటె గట్టిగా నున్నట్లే యుండెను. అతడు దాని యంచున నిలిచి పాదములతో మెల్లగా త్రొక్కనారంభింపగా, చుట్టును నాలుగైదు గజముల మేర నేలయంతయు జున్నువలె అదరజొచ్చినది. మరి నాలుగు త్రొక్కుళ్ళకు పైనున్న తడి తళుకు మాసి, నీరు పైకుబికి, అతని పాదములు చీలమండల వరకు దిగిపోయినవి. నేను ఆశ్చర్యముతో చూచుచు నిలిచిపోగా మా మేనల్లుడు నా భుజముపై చేయివేసి, "మామయ్యా, ఉన్నచోటే నిలబడకండి. అటూ ఇటూ అడుగు మారుస్తూ ఉండండి, ఆగితే కాలు దిగిపోతుంది" అనెను.

ఊబి మనిషిని నిలువున మ్రింగివేయునని మనలో చాలమంది నమ్మకము. సత్యము వేఱుగనున్నది. ఇసుకరేణువుల నడుమ నీరు నిండి, ఒకదానినొకటి ఒరసి నిలుచు పట్టు సడలినప్పుడు నేల ద్రవమువలె నగును. కాని ఆ మిశ్రమము మానవదేహముకంటె దాదాపు రెండింతల సాంద్రత గలది గనుక మనిషి నడుము వరకు దిగి, ఆపైన తేలియుండును. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 2005లో ఈ సంగతిని ప్రయోగములచే నిరూపించిరి. దిగిన కాలి చుట్టును ఇసుక కూరుకొని బిగిసిపోవుననియు, ఆ కాలిని సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున పైకి లాగుటకు ఒక మోస్తరు కారును ఎత్తునంత బలము కావలెననియు వారు లెక్కగట్టిరి. అనగా ప్రాణము తీయునది ఇసుక కాదు. ఇసుక పట్టియుంచును, పోటు వచ్చి చంపును.

ఆ పోటు సంగతియు తెలిసికొనదగినదే. సముద్రము ఎదుటినుండి కెరటములై వచ్చునని కొత్తవారు అటే చూచుచుందురు. ఇచ్చట నీరు ముందుగా పల్లపు కాలువలలోనికి ప్రాకి, నడచుచున్నవాని వెనుకకు చేరి, అతడున్న మెట్టను దీవిగా మార్చివేయును. అతనికి తెలియవచ్చుసరికి ఒడ్డునకును అతనికిని నడుమ నది యొకటి యుండును. ఈ కారణముచేతనే ఆర్న్‌సైడులో పోటు రాకమునుపు సైరను మ్రోగింతురు.

కెంట్ నదియొడ్డునకు చేరగనే, అంతవరకు గుంపుగా నడచినవారినందరిని మార్గదర్శి ఏటి వెంబడి బారుగా ప్రక్కప్రక్కన నిలువజేసెను. ఒకరి వెనుక ఒకరు నడచినచో వందల పాదముల తాకిడికి అడుగునున్న ఇసుక కదలి ఊబియగును. విడివిడిగా దిగినచో ప్రతివాని క్రిందను త్రొక్కని నేల యుండును. ఈల వినబడెను. అందఱమును ఒక్కమారుగా నీటిలో దిగితిమి. తొడల వరకు చల్లని నీరు, పాదముల క్రింద జారు నేల. ఒక వృద్ధురాలు నా చేయి పట్టుకొని, ఆవలి గట్టు వచ్చువరకు విడువలేదు.

ఈ పర్రపైననే 2004 ఫిబ్రవరి 5వ తేదీ రాత్రి, కాకిల్ అను గుల్లలను ఏరుటకు వచ్చిన 23 మంది చైనాదేశపు కూలీలు పోటునకు చిక్కి మరణించిరి. వారికి ఇంగ్లీషు రాదు, ఆ తీరము తెలియదు; చీకటిలో, చలిలో, నీరు వచ్చు వేళ చెప్పువాడు లేక పనిచేసిరి. వారిని తెచ్చిన మేస్త్రీకి 2006లో పదునాలుగేండ్ల కారాగారశిక్ష పడినది. కూలీలను సరఫరా చేయు మేస్త్రీలు లైసెన్సు పొందితీరవలెనని ఆ దుర్ఘటన జరిగిన సంవత్సరమే, 2004లోనే, శాసనము వచ్చినది. దారిచూపు ఉద్యోగము నాలుగున్నర శతాబ్దములుగా నున్న చోటనే ఇంతటి ఘోరము జరిగినదనగా, దాని ప్రయోజనము అందరికిని అందలేదని స్పష్టము. పొట్టకూటికై వచ్చిన పరదేశికి ఆ కొమ్మల భావమును తెలుపువారెవ్వరును లేకపోయిరి. ఈ విషయమును తలచుకొన్నప్పుడెల్ల నా మనస్సు కలతపడుచున్నది.

నేడు మోర్‌కాంబులో ఇసుకపైనను నీటిపైనను సమముగా పరుగెత్తు హోవర్‌క్రాఫ్టు సిద్ధముగా నుండును. చిక్కుకొన్నవానిని రక్షకులు బలముతో లాగరు. సన్నని గొట్టమును అతని కాలి ప్రక్కన దింపి, దానిగుండ నీటిని పంపి, ఇసుకను వదులుచేసి కాలిని విడిపింతురు. ఒంటరిగా చిక్కినవాడును చేయవలసినది ఇట్టిదే. మూపుననున్న బరువును విసరివేయవలెను. నిలిచి తన్నుకొనక వెల్లకిల వెనుకకు వాలి బరువును నేలపై పరచి, కాళ్ళను కొద్దికొద్దిగా ఆడించుచు నీటికి దారి యిచ్చి, వచ్చిన దిక్కుననే ప్రాకి బయటపడవలెను. ఫోను ఉన్నయెడల మొదటనే సాయము కోరవలెను. తోడివాడు చేయూతకై ఊబిలోనికి దిగరాదు.

మన ఆంధ్రతీరమున ఇట్టి పోటు లేదు. నదీముఖముల బురద ఊబులను విడిచినచో, మన ఆపద వేఱొక రూపమున నున్నది. కెరటములు తెచ్చిన నీరు ఇసుకమెట్టల నడుమనున్న సందుగుండ వెనుకకు పోవును. అచ్చట కెరటము విరుగదు గనుక ఆ చోటే శాంతముగా కనబడి స్నానార్థులను ఆకర్షించును. అందులో పడినవాడు ఒడ్డువైపు ఎదురీది అలసి మునుగును. ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈదినచో బయటపడును. తుపాను వచ్చిపోయిన ప్రతిమారును మెట్టలు మారును, గుంటలును మారును. కార్తిక పౌర్ణమినాడు సూర్యలంకయందును మంగినపూడియందును, మాఘపౌర్ణమినాడు హంసలదీవియందును సముద్రస్నానమునకు దిగు కుటుంబములకు ఈ మార్పు ఎట్లు తెలియును? ఆ పల్లెల జాలరులకు తెలియును. నీటి రంగును చూచియే చెప్పగలరు. మునిగినవారిని వెదకుటకు వారిని పిలుచుట మనకు అలవాటు. పండుగనాటి వేకువననే వారిలో నొకనికి వేతనమిచ్చి, గడతో లోతు చూపించి, స్నానపు మేర కిరువైపులను కొమ్మలు నాటించినచో ఎంత బాగుండును! తీరమంతటను సరుగుడు తోటలున్నవి గనుక కొమ్మలకు కరవు లేదు. చూచినవాని పేరును, చూచిన వేళను ఒడ్డున పలకపై వ్రాయింపవలెను. నీటి నడక మారినచో అతడే మరల దిగి, కొమ్మలను పెరికి వేఱొకచోట నాటవలెను.